పొడిగడ్డి మోపెడు ధర్మం

గోదావరి ఒడ్డున చలి రెండు రకాలు. మొగులు లేని రాత్రి నేలలోని వేడి అంతా పైకెగిరిపోయి, తెల్లారేసరికి నది మీదా మక్క చేన్ల మీదా మంచు పేరుకునే చలి ఒకటి. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టి, రెండు మూడు రోజులు ముసురు పట్టి, ఈదురుగాలి తోడై ఎముకల్లోకి దిగే చలి ఇంకొకటి. మొదటిది పొడి చలి, రెండోది తడి చలి. ధర్మపురి దగ్గర చేను మీదే ఇల్లు కట్టుకుని, కుక్కలతో బతుకుతున్న నాకు ఈ రెండింటి తేడా తెలియడమే చలికాలం నేర్పిన మొదటి పాఠం. పొడి చలిని మన ఊరకుక్క ఓర్చుకుంటుంది. తడి చలి దాన్ని పడగొడుతుంది.

కారణం వెంట్రుకల్లో ఉంది. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి సుమారు 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్, అంటే మనకన్నా ఎక్కువ. ఆ వేడిని వెంట్రుకల మధ్య చిక్కుకున్న గాలి కాపాడుతుంది. వాన పడి వెంట్రుకలు ఒంటికి అంటుకుపోగానే ఆ గాలి పోతుంది. పైన ఈదురుగాలి కొడితే, ఆరే ప్రతి చుక్కా కాస్త వేడిని పట్టుకుపోతుంది. హిమాలయాల్లో గొర్రెల మందలను కాసే భోటియా కుక్కకు ఒత్తైన బొచ్చు ఉంది. మన కుక్కది ఎండలకు తగ్గ పలుచని చర్మం, పొట్టి వెంట్రుకలు. ఏప్రిల్‌లో దాన్ని కాపాడే ఆ ఒళ్ళే పుష్యమాసంలో దానికి చాలదు.

ఈ మధ్య సంవత్సరాల్లో తడి చలి మనకు కొత్త కాదు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తీరం దాటితే, మర్నాడు వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు కుండపోతగా కురిసింది. కల్లాల్లో ఆరబోసిన వడ్లు తడిసి రైతు గుండె పగిలింది. తడిసిన వడ్ల లెక్క తీయడం న్యాయం, తీయాలి. ఆ కుప్పల పక్కన రాత్రంతా తడుస్తూ కావలి కాసిన కుక్కలు మాత్రం ఏ పద్దులోకీ రావు. మొగులు విడిచిన తర్వాత అసలు కష్టం మొదలవుతుంది. నేల ఇంకా తడి ఆరదు, పైనుంచి ఉత్తరపు గాలి దిగుతుంది. మైదాన ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు పడిపోయి, మామూలు కన్నా నాలుగున్నర డిగ్రీలు తగ్గితే వాతావరణ శాఖ దాన్ని శీతల గాలులు అంటుంది. నది దాటి మంచిర్యాల మీదుగా ఆసిఫాబాద్, ఆదిలాబాద్ వైపు పోతే చలికాలంలో పది కన్నా కిందికి దిగడం మామూలే. ఆ గాలి నది దగ్గరే ఆగిపోదు కదా, మా దాకా వస్తుంది.

చలి రాత్రుల్లో ఇక్కడ కుక్క చేసే పని చిన్నది కాదు. కంకి పట్టిన మక్క చేనులో అడవిపందుల గుంపు ఒక్క రాత్రి దిగితే పంట నేలమట్టం. మంచె మీద మనిషి కునుకు తీసినా కింద కుక్క తీయదు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి రోజంతా కరెంటు ఇస్తున్నారు గానీ, అంతకుముందు వంతుల వారీ కరెంటు రోజుల్లో అర్ధరాత్రి మోటార్ పెట్టడానికి బాయి దగ్గరికి పోయే రైతు వెంట ఒక టార్చిలైటు, ఒక కట్టె, ఒక కుక్క ఉండేవి. పాము కదిలినా, గట్టు వెనక పంది ఉన్నా ముందు దానికే తెలిసేది. ఎరువు కోసం పొలంలో మంద పెట్టినప్పుడు గొర్రెల చుట్టూ రాత్రంతా తిరిగేదీ అదే. ఇంత పని చేసేదాన్ని తెల్లారేదాకా తడి నేల మీద వదిలేయడం నాకు న్యాయంగా తోచదు.

కుక్కను చలి నుంచి ఎలా కాపాడాలో నేను నేర్చుకున్నది మంద పెట్టడానికి వచ్చిన ఒక కురుమ తాత దగ్గర. ముసురు రోజు నేను మా మొగులుకు దుప్పటి కప్పుతుంటే చూశాడాయన. మొగులు అంటే మా నల్లకుక్క.

"గా దుప్పటి ఎందుకు బిడ్డా? వానకు తడుస్తది, పొద్దుందాక గా తడిలనే పంటది. గడ్డి ఎయ్యి. గడ్డి నీళ్ళు పట్టుకోదు."

"మరి మీ కుక్క గొంగడి మీద పండుతుంది గదా తాతా?"

"గొంగడి ముచ్చట వేరు. అది గొర్రె ఒంటి మీద పుట్టింది. వాన దానికి కొత్తా?"

ఆ మాటలో చాలా విద్య ఉంది. దక్కనీ గొర్రె నల్ల ఉన్నిలో సహజంగా ఉండే జిడ్డు నీటిని తొందరగా లోపలికి రానివ్వదు. తడిసినా ఉన్ని కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది. పడుగుకు చింతగింజల గంజి పట్టించి నేసిన గొంగడి కురుమకు రాత్రి పరుపు, వానకు గొడుగు. చిరిగిపోయాక ముక్క కుక్కకు దక్కేది. ఆ గొర్రె ఇప్పుడు తగ్గిపోతోంది. ఉన్ని ఇవ్వని, మాంసానికి పనికొచ్చే నెల్లూరు రకం మందలు పెరిగాయి. 2017 జూన్‌లో మొదలైన ప్రభుత్వ గొర్రెల పంపిణీలో ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. వాటిలో చాలా మటుకు బయటి రాష్ట్రాల నుంచి తెచ్చినవే. దక్కనీ మంద పోయిన ఊళ్ళో గొంగడి ముక్క కూడా దొరకదు. ఇక మనకు మిగిలింది తాత చెప్పిన గడ్డే.

వరిగడ్డి బోలుగా ఉంటుంది, పోచల మధ్య గాలి నిలుస్తుంది. కుక్క అందులో దూరి గుండ్రంగా ముడుచుకుని, ముక్కును తోక కింద పెట్టుకుంటే, దాని ఒంటి వేడే దానికి దుప్పటి. గుడ్డ, గోనెసంచి అలా కాదు, తడిని పీల్చి ఒంటికే పెడతాయి. యంత్రంతో కోసిన తర్వాత గడ్డిని పొలంలోనే తగలబెట్టడం మన దగ్గర అలవాటైపోయింది. నిప్పు పెట్టేముందు ఒక్క మోపు తీసి కొట్టంలో అటక మీద పెట్టుకుంటే ఒక కుక్కకు చలికాలమంతా సరిపోతుంది.

గూడు కట్టడానికి ఖర్చేమీ లేదు. పక్కకు పడుకోబెట్టిన పగిలిన గోలెమో, పాత చెక్కపెట్టో చాలు. ముఖ్యమైనవి నాలుగు. నీళ్ళు పారే చోట పెట్టొద్దు, కింద రెండేసి ఇటుకలు పెట్టి నేల నుంచి లేపాలి. నోరు దక్షిణం వైపు ఉండాలి, ఉత్తరపు గాలికి వీపు, తూర్పు జల్లుకు పక్కగోడ తిప్పాలి. గూడు పెద్దది కాకూడదు. లేచి ఒక్కసారి తిరిగి పడుకునేంత చోటు ఉంటే కుక్క తన వేడితోనే దాన్ని నింపుకుంటుంది, విశాలమైన గదిలో ఆ వేడి చెదిరిపోతుంది. నాలుగోది, ముసురు విడిచిన ప్రతిసారీ గడ్డి తీసి ఎండలో వేయాలి, మాగిన గడ్డిని పెంటకుప్పలో పారేసి కొత్తది పరచాలి. తడిసిన గడ్డిలో గోమార్లు, బూజు చేరతాయి.

వానలో తిరిగొచ్చిన కుక్కను ముందు తుడవాలి. వీపు మీద నీళ్ళు అదే దులుపుకుంటుంది. పొట్ట, చంకలు, వేళ్ళ సందులు, చెవుల లోపలి అంచులు మనం ఒత్తాలి. పాత పంచె ముక్క ఒకటి గుమ్మం దగ్గర వేలాడదీసుకుంటే సరిపోతుంది. చలిమంట దగ్గరికి దాన్ని మరీ చేరనివ్వొద్దు. వెచ్చటి బూడిదలో పడుకోవడం కుక్కలకు ఇష్టం, కింద నిప్పు ఉందని వాటికి తెలియదు. తెల్లారి ట్రాక్టర్, కారు తీసేముందు కిందికి ఒక్కసారి వంగి చూడాలి, ఇంజిన్ వేడికి అక్కడ చేరి ఉంటాయి. చలిలో ఒళ్ళు వేడి నిలుపుకోవడానికి తిండి కూడా ఎక్కువ కావాలి. మాపటి గటక, నూకల బువ్వ కాస్త ఎక్కువ పెట్టి, అందులో ఇంత నూనె కలిపినా మేలే. వణుకుతున్న కుక్క ఇంకా పోరాడుతోందని అర్థం. వణుకు ఆగి, ఒళ్ళు సడలి, పిలిస్తే కళ్ళు తిప్పలేకపోతే ప్రమాదం. అప్పుడు గోరువెచ్చని నీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి పొట్ట పక్కన పెట్టి, మెల్లగా వేడి ఎక్కించి, పశువుల డాక్టరుకు చూపించాలి. మనం వేసుకునే నొప్పి మాత్రలు దానికి వేయొద్దు, విషమవుతాయి.

చలి వెనక్కి మళ్ళే రోజుల్లో ఉరుములు, వడగండ్లు వస్తాయి. ఆ వేళ కుక్కను గొలుసుతో కట్టి ఉంచడం పాపం. వడగళ్ళ కింద దానికి తప్పించుకునే దారి లేకుండా చేయడమే అది. ఉరుముకు బెదిరి మంచం కిందికి దూరితే వెళ్ళగొట్టొద్దు, ఉండనివ్వాలి. పిడుగు జాడ ముందే చెప్పే దామిని యాప్ పూణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ చేసింది, ఫోన్లో ఉంటే మంద దగ్గరున్న మనిషికీ పనికొస్తుంది. ఒంటరి చింతచెట్టు కింద మనిషీ నిలబడొద్దు, మందనూ నిలపొద్దు. ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. అడవిపందులకని చేను చుట్టూ కరెంటు తీగ పెట్టడం నేరం. తడి నేలలో ఆ తీగకు కావలి కుక్క పోతుంది, బాయి దగ్గరికి పోయిన పక్క చేను రైతూ పోతాడు.

అన్నిటికన్నా బరువైన సంగతి కుక్కపిల్లలది. మన దగ్గర ఊరకుక్కలు ఎదకొచ్చే కాలం చిత్తకార్తె అని చిన్నపిల్లవాడికీ తెలుసు. అది అక్టోబర్ రెండు, మూడు వారాలు. కుక్క కడుపుతో ఉండేది సుమారు 63 రోజులు. లెక్క వేస్తే ఈనేది డిసెంబర్ నడుమ నుంచి చివరి దాకా, చలి బాగా ముదిరిన వేళ. కళ్ళు తెరవని కూనకు మొదటి రోజుల్లో వణకడం కూడా చేతకాదు, ఒంటి వేడి తల్లి పొట్ట నుంచే రావాలి. తల్లి తిండికి పోయినప్పుడు తూములోకో గోడ మూలకో జల్లు కొడితే ఆ కాసేపట్లోనే కూనలు చల్లబడిపోతాయి. చల్లబడ్డ కూనకు జాలితో వెంటనే పాలు పోయకూడదు. ముందు ఒళ్ళు వెచ్చబడాలి, చల్లని కడుపు పాలను అరిగించుకోలేదు.

కోల్‌కతా ఐసర్ పరిశోధకులు పశ్చిమ బెంగాల్‌లో వీధి కుక్కల ఈతలను గమనించి 2016లో ఫలితాలు ప్రచురించారు. పుట్టిన కూనల్లో పెద్దవయ్యేదాకా బతికినవి 19 శాతమే. ఈ లెక్క చదివినప్పటి నుంచి మా ఆడకుక్క చుక్క ఈనే ముందే గడ్డి గూడు సిద్ధం చేయడం నాకు ఏటా తప్పని పని అయింది. కూనల తల్లి కరుస్తుందన్న భయం నిజమైనదే. అందుకే గూడు దారికి దూరంగా పెట్టాలి, మన పిల్లలను ఆటకు అక్కడికి పంపొద్దు. పెరిగే కూనలకు టీకాలు, ఆ తర్వాత తల్లికి పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయిస్తే ఊరికీ మేలు, కుక్కకూ మేలు. ఎవరినైనా కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి వెంటనే దవాఖానకు పోవాలి. కుక్క మీద ప్రేమ, మనిషి ప్రాణం మీద జాగ్రత్త ఒకేచోట ఉండాల్సినవి.

ఇదంతా ధర్మపురిలో కూర్చుని రాస్తున్నందుకు నాకు ఒక మాట చెప్పే హక్కు, బాధ్యత ఉన్నాయనుకుంటాను. నరసింహస్వామిని చూడటానికి వచ్చే వాళ్ళు ఇక్కడ యమధర్మరాజునూ కొలుస్తారు. యముడికి గుడి ఉన్న ఊళ్ళు దేశంలో అరుదు. వేదకాలం నుంచీ ఆయన దారిని కాసేవి సరమ సంతానమైన రెండు కుక్కలు. భారతం పదిహేడో పర్వంలో తమ్ముళ్ళూ భార్యా పడిపోయాక హిమాలయాల చలిలో ధర్మరాజు వెంట నడిచింది ఒక కుక్క. దాన్ని వదిలితేనే రథం ఎక్కనిస్తానని ఇంద్రుడంటే, తనను నమ్మి వచ్చినదాన్ని విడవనన్నాడాయన. ఆ కుక్క రూపంలో ఉన్నది యమధర్మరాజే. కురుమలు కొలిచే మల్లన్నను మహారాష్ట్రలో ఖండోబా అంటారు, ఆయన పటంలో గుర్రం పక్కన కుక్క ఉంటుంది. నేపాల్‌లో దీపావళి రోజుల్లో ఒక రోజు కుక్కలకే కేటాయించి, మెడలో బంతిపూల దండ వేసి, బొట్టు పెట్టి, తిండి పెడతారు. ఆ అయిదు రోజుల పండుగకు యమపంచకం అని పేరు.

మనకూ దీపావళి వెళ్ళిన రెండో రోజే యమద్వితీయ. గోదావరిలో మునిగి యముడిని తలుచుకుని, అక్కచెల్లెళ్ళ చేతి వంట తినే రోజు. అది చిత్తకార్తె చివరనో, దాటాకో, కూనలు పుట్టే ముందు వస్తుంది. అప్పటికి వరి కోతలు సాగుతుంటాయి, గడ్డి కళ్ళ ముందే ఉంటుంది. గూడు సిద్ధం చేయడానికి అంతకన్నా మంచి ముహూర్తం లేదు. ఆ రోజు ప్రతి ఇంటివాళ్ళూ ఒక మోపు పొడిగడ్డి, కొన్ని ఇటుకలు, గాలి తగలని ఒక మూల మన వాకిలి కాసే కుక్కకు కేటాయించాలని నా కోరిక. ధర్మపురి దీన్ని మొదలుపెడితే పక్క ఊళ్ళూ అందుకుంటాయి. ఈ ఏడు యమద్వితీయకు మా వాడకట్టులో మోపులు నేనే పంచుతాను, గడ్డి లేని వాళ్ళు వచ్చి పట్టుకుపోండి.