ఎటు వంగింది?

మా కామాఠిపురా గల్లీలో మోటార్లకు వైండింగ్ చేసే కుర్రాడు ఈ వారం అన్నాడు: "చుట్లు ఎక్కువేస్తే అయస్కాంతం బలం పెరుగుతది, అంతే కదా కాకా?" ఊరుకోలేకపోయాను. సుమారు 2 టెస్లాల దగ్గర ఇనుము నిండిపోతుంది. ఆపైన కరెంటు ఎంత పెంచినా దక్కేది కొంచెమే, తీగ మాత్రం వేడెక్కుతుంది.

నాకో పాత పంతం ఉంది: పని నిలిచేది బలంతో కాదు, సమానంగా ఉండటంతో. కరీంనగర్ నుంచి వచ్చి మిల్లులో సాంచాలు నడిపిన మా నాయన నేర్పిందే ఇది. ఒక పోగు బిగిసి పక్క పోగు వదులైతే బట్టంతా పాడే. విద్యుదావేశమున్న కణాల దారిని వంచే అయస్కాంతమూ అంతే. 1 టెస్లాలో 1 జీఈవీ మొమెంటం, ఎలక్ట్రాన్ అంత ఆవేశం ఉన్న కణం 3.3 మీటర్ల వ్యాసార్ధంతో తిరుగుతుంది. ఆ వంపును కొలిచే మొమెంటం లెక్కగడతారు. అందుకే ధ్రువాల మధ్య ఖాళీలో క్షేత్రం ఎక్కడ ఎంతుందో ఓపిగ్గా కొలిచి పటం గీయాలి.

మరి ఈ పంతానికి ఎదురొచ్చే కోలార్ సంగతి? తెలుగు, తమిళం, కన్నడం కలిసి వినపడే ఆ బంగారు గనుల్లో, 2.3 కిలోమీటర్ల లోతున, మన కొలాబా టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు డర్హామ్, ఒసాకా వాళ్లతో కలిసి 1965లో వాతావరణంలో పుట్టే న్యూట్రినో కణాల జాడ పట్టారు. మిగతా విశ్వకిరణాలను దాదాపుగా పైనున్న రాయే ఆపేసింది. అక్కడి పరికరాల్లో రెండింటికి గట్టి ఇనుప అయస్కాంతాలు. ఖాళీ లేదు. కణం ఇనుములోంచే పోవాలి, పరమాణువులకు తగిలి దాని దారి చెదురుతుంది. నా పంతం ప్రకారం మోటు పని.

కానీ న్యూట్రినో దేనికీ సులువుగా తగలదు. దానికి అడ్డుగా టన్నులకొద్దీ బరువు కావాలి. ఆ బరువే అయస్కాంతమైతే రెండు పనులూ అయినట్టే. తమిళనాడులోని తేని దగ్గర కొండ కింద కట్టాలనుకున్న న్యూట్రినో పరిశోధనశాలకు 50,000 టన్నుల ఇనుము, 5.6 సెంటీమీటర్ల పలకలుగా పేర్చాలని గీసింది అందుకే. ఇనుముకు తగిలిన మ్యూవాన్ న్యూట్రినో రుణావేశమున్న మ్యూవాన్ కణాన్నిస్తుంది, దాని ప్రతికణం ధనావేశమున్న మ్యూవాన్‌నిస్తుంది. రెండూ చెరోవైపు వంగుతాయి. న్యూట్రినో ద్రవ్యరాశుల వరస తేల్చడానికి ముఖ్యంగా కావలసింది ఎంత వంగిందన్నది కాదు, ఎటు వంగిందన్నది. దారి కొంత చెదిరినా ఆ జవాబు దొరుకుతుంది. ఇక్కడ మోటు ఇనుమే సరైన పనితనం.

మదురైలో 85 టన్నుల నమూనా కట్టి మ్యూవాన్లను వంచి చూశారు. తేని గుహ మాత్రం అనుమతుల దగ్గరే ఆగింది. కోలార్‌లో అంత ముందుగా మొదలుపెట్టిన దేశం ఆ పలకలు పేర్చి తీరాలి.