ఇంటిగుట్టు ఎవరికి చేటు?

ఇంటిగుట్టు లంకకు చేటు అని మన పెద్దవాళ్ళు చిన్నప్పుడే చెవిన వేస్తారు. గుట్టు బయటపెడితే ఏమవుతుందో ఆ సామెత చెబుతుంది. కడుపులోనే దాచుకుంటే ఏమవుతుందో మాత్రం చెప్పదు. ఆ రెండో సంగతి చెప్పే నవల జేన్ హార్పర్ రాసిన ‘ది లాస్ట్ మ్యాన్’. 2018లో వచ్చింది. రచయిత్రి ఇంగ్లండులో పుట్టి, ఆస్ట్రేలియాలో విలేఖరిగా పనిచేసినావిడ. 2016లో వచ్చిన ‘ది డ్రై’తోనే ఆవిడకి పేరొచ్చింది.

కథ జరిగేది క్వీన్స్‌లాండ్ లోపలి ఎడారి భూముల్లో. మనకి చలికాలంలో వచ్చే క్రిస్మస్ అక్కడ నడివేసవి. పశువుల్ని మేపే ఒక్కో కమతం ఎంత పెద్దదంటే, పక్కింటికెళ్ళి కాస్త పంచదార అప్పు తెచ్చుకోవాలన్నా కారులో గంటల ప్రయాణం! ఇల్లు దాటేవాళ్ళు ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పుడు తిరిగొస్తారో పుస్తకంలో రాసిపెట్టి మరీ వెళ్ళాలి. నీళ్ళు లేకుండా ఆ ఎండలో చిక్కుకుంటే ఒక్కరోజు గడవడం కష్టం.

అలాంటి చోట కామెరాన్ బ్రైట్ అనే ఆసామి చచ్చిపడి ఉంటాడు. ఎప్పటిదో ఒక పశువుల కాపరి సమాధి. చుట్టూ ఇంకెక్కడా నీడ లేదు. ఆ సమాధిరాయి నీడ జరిగినకొద్దీ తానూ జరుగుతూ ప్రాణం విడిచాడు. అతని కారేమో తొమ్మిది కిలోమీటర్ల దూరంలో నీళ్ళతో, తిండితో, ఏ లోపమూ లేకుండా నిలబడి ఉంది. మరి దాన్ని వదిలి ఎలా వచ్చాడు? ఎందుకు వచ్చాడు?

ఈ చిక్కుముడి విప్పడానికి డిటెక్టివ్ ఎవరూ లేడు. అన్న నేథనే ఒక్కొక్క అనుమానాన్నీ తవ్వుకుంటూ పోతాడు. ఒకప్పుడు దారిలో చిక్కుకున్న మామగారిని చూసి కూడా ఆగకుండా పోయాడని ఊరు ఊరంతా ఇతన్ని వెలివేసింది. ఆ తీర్పు న్యాయమే అనుకుందాం. మరి అదే ఊరు, వీళ్ళ తండ్రి ఏళ్ళ తరబడి పెళ్ళాన్నీ బిడ్డల్నీ హింసిస్తుంటే ఏం చేసింది? ఏమీ చెయ్యలేదు. కామెరాన్ మీద ఒక అమ్మాయి చేసిన ఫిర్యాదు కూడా ఎటూ తేలకుండా అణగిపోయింది. రోడ్డు మీద చేసిన తప్పుకి శిక్ష ఉంది గాని, గడప లోపల చేసినదానికి లేదు. నవలకి ప్రాణం ఇక్కడే ఉందనిపిస్తుంది నాకు.

లోపాలు లేవా? ఉన్నాయి. నడిమి భాగంలో నేథన్ ఆలోచనలు చెప్పిందే చెబుతాయి. అంతకన్నా పెద్ద లోటు, కామెరాన్ భార్య ఇల్సాని మనం నేథన్ కళ్ళతోనే చూడాలి. నెదర్లాండ్స్ నుంచి వచ్చిన పిల్ల. పుట్టింటికి పోదామంటే సముద్రాలు దాటాలి. ఆమె భయమేమిటో ఆమె నోటితోనే నాలుగు పేజీలు వినిపించి ఉంటే ఎంత బాగుండేది!

ఎవరు చేశారన్నది నేను చెప్పను, మీరే చదువుకోండి. ఒక్కమాట మాత్రం చెబుతాను. నిజం తెలిశాక కూడా ఆ ఇంట్లోవాళ్ళు దాన్ని గుట్టుగానే ఉంచుతారు. ఇదెక్కడి న్యాయమని మొదట నాకు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, చెప్పుకుంటే వినేవాళ్ళున్నారన్న నమ్మకం ఆ ఇంటి ఆడవాళ్ళకి ఎప్పుడు కలిగింది గనక? అలా వినేవాళ్ళు ఒక్కరున్నా ఆ సమాధి దగ్గరి చావు అసలు జరిగి ఉండేది కాదేమో.

తలుపు తగిలిందమ్మా అంటూ చేతి మీది దెబ్బని కొంగుతో కప్పుకునే ఆడవాళ్ళు మనకి తెలియనివాళ్ళు కారు. ఏ తలుపు అని మనం అడగం. ఇంటిగుట్టు కదా! ఈ పుస్తకం మూశాక అడగాలనిపిస్తుంది.