ఆటలో అరటిపండు

దాగుడుమూతల్లో అరటిపండుని పట్టుకున్నా వాడు దొంగ కాడు. ఆటలో ఉంటాడు, లెక్కలో ఉండడు. వైకల్యమున్న మనుషుల్ని మన కథలూ సినిమాలూ చాలావరకు ఇలాగే ఆడించాయి, లేదంటే విద్వాంసుల్ని చేశాయి. విశ్వనాథ్ ‘సిరివెన్నెల’ (1986)లో చూపులేని నాయకుడికి వేణువు, మాటరాని నాయికకు బొమ్మలు దక్కాయి. ఏ విద్యా లేని పిల్లాడి మాటేమిటి?

వెంకటగిరికోట వైపు పల్లెల్లో డైరీకి పాలు పోసి రావాలి, పట్టుపురుగులకి మల్బరీ ఆకు వెయ్యాలి. ఆ పనుల్లో వాడి వంతేది? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాని 7 నుంచి 21కి పెంచింది. సర్టిఫికెట్టు 40 శాతం ఉందా అని చూస్తుంది. పాలకేను వాడి చేతికిచ్చారా అని చూడదు.

అది చూడాల్సింది కథకులు. జాలితోనో అద్భుతంతోనో ముగిసే కథలు చాలు. వాడు దొంగయ్యి, ఉడుక్కుని, మళ్ళీ ఆడే కథ కావాలి.