రొయ్యల తీర్పులో కనిపించని కూలి

రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు 1996 డిసెంబర్ 11న ఇచ్చిన తీర్పును పర్యావరణ విజయంగానే చదువుతూ వస్తున్నారు. మడ అడవులు, భూగర్భ జలాలు, తీరం నుంచి 500 మీటర్ల హద్దు - ఇంతవరకే చెప్తారు. ఈ చదువు సగమేనని మేం అంటున్నాం.

కేసు వేసిన ఎస్. జగన్నాథన్ తమిళనాడు సర్వోదయ కార్యకర్త. ఆయన సహచరి కృష్ణమ్మాళ్ దళిత కుటుంబంలో పుట్టింది. 1968లో తంజావూరు జిల్లా కీళ్‌వెణ్మణిలో కూలి తగాదాలో భూస్వాములు 44 మంది దళితుల్ని తగలబెట్టారు. ఆ తర్వాతే ఈ ఇద్దరూ ఆ ప్రాంతం చేరి, భూమిలేని దళిత స్త్రీల పేర భూమి రాయించే పనికి దిగారు. అక్కడికే 1990ల్లో రొయ్యల కంపెనీలొచ్చాయి. ఈ కేసు వేరు కీళ్‌వెణ్మణిలో ఉంది.

వరిచేనుకి ఊడ్పులకీ కలుపుకీ కోతకీ ఆడకూలీలు కావాలి. అదే చేను చెరువైతే కాపలాకీ మేత చల్లడానికీ ఇద్దరు ముగ్గురు చాలు. ఉప్పునీరు ఊటెక్కి పక్క చేలు చవుడుబారతాయి, పేటలో బావి నీళ్లు నోట పెట్టలేం. అరెకరం డి.పట్టా ఉన్నవాడు కూడా లీజుకిచ్చి తప్పుకుంటాడు.

సాగుభూమినీ ఊరుమ్మడి భూమినీ చెరువులు చేయొద్దని తీర్పు చెప్పింది. మంచిదే. మూతపడే చెరువుల్లో పనివాళ్లకు ఆరేళ్ల జీతం, కాలుష్యంతో నష్టపోయిన కుటుంబాలకు పరిహారం ఇమ్మంది. మరి చేను చెరువైన రోజునే పని పోయిన ఊడ్పుకూలీ సంగతేమిటి? ఆమె చెరువులో పనిమనిషి కాదు, ఆమె నష్టం కాలుష్యమూ కాదు. రెండు పద్దుల్లోనూ ఆమె లేదు.

చివరికి ఆ హద్దూ నిలవలేదు. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి, తీర నిషేధం ఈ చెరువులకు 1991 నుంచే వర్తించనట్టు రాసేసింది. 2023 సవరణ జైలుశిక్షను తీసేసింది.

దేశంలో అందరికంటే ఎక్కువ రొయ్యలు పండించేది ఆంధ్రప్రదేశే. మన దగ్గరా ఇదే చూపు. 2006లో కొల్లేరులో చేపల చెరువుల గట్లు పగలగొట్టినప్పుడు పక్షుల గురించి చాలా రాశారు. ఆ చెరువుల్లో కొన్ని దళితుల, వడ్డీల సహకార సంఘాల పేర ఉన్నవి. పేరు సంఘానిది, లాభం లీజుదారుడిది. గట్టు తెగాక ఆ సంఘం మనిషి ఏం తిన్నాడో ఎంతమంది అడిగారు?

పర్యావరణం మాకు పరాయిది కాదు. ఉప్పెక్కిన బావి ముందు మా పేటల్లోదే. అందుకే చెరువుల మీద రిపోర్టు రాసే మిత్రుల్ని కోరుతున్నాం: నీటి పరీక్షతోపాటు ఊళ్లో ఎన్ని పనిదినాలు పోయాయో, ఎవరి పట్టా ఎవరి చేతిలో ఉందో కూడా రాయండి.