జాలి వాస్తవికత కాదు
(మన కథల్లో వికలాంగ పాత్రల గురించి)

వర్గం గురించి, కులం గురించి, స్త్రీ గురించి పాత్రలను నిలదీసి అడగడం మన విమర్శ నేర్చుకుంది. పాలేరు పాత్రను రచయిత తన చేతికింద బొమ్మగా చేస్తే మనం ఊరుకోము. స్త్రీ పాత్ర కన్నీళ్ళకే పుట్టినట్టు కనిపిస్తే ప్రశ్నిస్తాము. కాని కథలోకి కాలు లేనివాడో చూపు లేనివాడో రాగానే మన ప్రశ్నలన్నీ ఆగిపోతాయి. రచయితది ఆర్ద్రమైన హృదయం అని ఒక మాట రాసి పక్కకు తప్పుకుంటాము. ఆ ఆర్ద్రత వల్ల ఆ పాత్రకు దక్కిందేమిటి అనే విచారణ ఇంకా సరిగా మొదలుకాలేదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తూర్పుగోదావరి జిల్లా కోరుకొండలో లక్ష్మీనరసింహస్వామి గుడికి ఆరువందలకు పైగా మెట్లు ఎక్కాలి. నిటారు మెట్లు. ఫాల్గుణంలో స్వామి కల్యాణానికి తీర్థం జరుగుతుంది. ఆ మెట్ల మొదట చంకకర్రలు పక్కన పెట్టుకుని ఒక మనిషి కూర్చున్నాడనుకుందాం. మన కథకుడు అతన్ని ఏం చేస్తాడు? సాధారణంగా మూడు దారులు కనిపిస్తాయి. మొదటి కథలో నాయకుడు కొండ దిగివస్తూ అతని గిన్నెలో రూపాయి వేస్తాడు. కథ నాయకుడి మంచితనానిది; కూర్చున్నవాడు దానికి సాక్షి మాత్రమే. రెండో కథలో అతను మోకాళ్ళు చెక్కుకుపోతున్నా పాకుతూ కొండ కొసకు చేరతాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొడతారు, పాఠకుడు కళ్ళు తుడుచుకుంటాడు. మూడో కథలో అతనే దుర్మార్గుడు. వంకర బుద్ధికి వంకర కాలు గుర్తు. కుంటుతూ రంగం మీదికి వచ్చే శకుని, గూని మంథర ఈ మూడో కథకు పూర్వీకులు.

ఈ మూడు కథల్లోనూ రచయిత అడగని సంగతి ఒకటే: ఈ మనిషి ఎవరు? తాటిచెట్టు మీదనుంచి జారిపడిన గీత కార్మికుడా? నూర్పిడి యంత్రంలో కాలు నలిగిన కూలీయా? పసితనంలో పోలియో సోకినప్పుడు ఆసుపత్రి అందని పేదింటి బిడ్డా? నల్గొండ పల్లెల్లో ఫ్లోరైడు నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయిన మనిషిని చూసి ‘కర్మ’ అన్న రచయిత, ఆ నీటినీ, మంచినీళ్ళు అందించని పాలకులనూ ఒక్క మాటతో విడిచిపెట్టేశాడు. జాలి కూడా చాలాసార్లు ఈ పనే చేస్తుంది. మనిషిని చూపిస్తూ కారణాన్ని కనపడకుండా చేస్తుంది.

అభ్యుదయ సాహిత్యం ఈ విషయాన్ని అసలు పట్టించుకోలేదనడం న్యాయం కాదు. చాసో ‘ఎంపు’ మన ముందున్న గీటురాయి. ముష్టెత్తుకుని బతికే పిల్లకు కుంటివాడి మీద మనసు. తండ్రి గుడ్డివాణ్ణి చేసుకోమంటాడు. కారణం, గుడ్డివాడికి ముష్టి ఎక్కువ రాలుతుంది. ఇందులో చాసో ఎవరి చేతా కన్నీళ్ళు పెట్టించడు. లోకం జాలికి ఒక రేటు ఉందని, ఏ అవయవం లేకపోతే ఎంత వస్తుందో ఆ సంతలో బతికేవాళ్ళకు బాగా తెలుసునని చూపిస్తాడు. దాత తన పుణ్యమనుకున్నది వాళ్ళకు రోజువారీ సంపాదన లెక్క. అంతకంటే ముఖ్యంగా, ఆ మనుషులకు కోరిక ఉంది, తెలివి ఉంది, పెళ్ళి గురించి వాదులాట ఉంది. కథ పేరు జాలిని కాక ఎంపికను చెబుతుంది.

చాసో చూపిన దారిలో మనం ఎంతదూరం నడిచాం? మన కవిత్వంలో గుడ్డితనం ఒక మనిషి స్థితిగా కంటే లోకానికి తిట్టుగానే ఎక్కువ వస్తుంది. మూఢత్వాన్ని ‘గుడ్డి నమ్మకం’ అంటాం. పస లేని వాదాన్ని ‘కుంటి సాకు’ అంటాం. జనం గోడు పట్టని సర్కారును ‘చెవిటి సర్కారు’ అంటాం. నుడికారాన్ని నిషేధించమని నా వాదన కాదు. కాని కులాల పేర్లను తిట్లుగా వాడే సామెతలను మన కలాలనుంచి తొలగించుకున్నప్పుడు భాషేమీ బీదదైపోలేదు. పైగా ఇది రాజకీయంగా కూడా తప్పుడు పోలిక. పాలకుడి చెవులు బాగానే పనిచేస్తున్నాయి. వినకూడదని అతను నిర్ణయించుకున్నాడు. ‘చెవిటి’ అన్న మాట ఆ నిర్ణయాన్ని దాచిపెడుతుంది.

సినిమా ఈ ధోరణులను పెద్దవిచేసి చూపిస్తుంది. ‘సిరివెన్నెల’ (1986)లో చూపు లేని నాయకుడు వేణుగాన విద్వాంసుడు, మాట రాని నాయిక చిత్రకారిణి. లోపానికి పరిహారంగా కళ ఉంటే తప్ప నాయకత్వం దక్కదన్నమాట. ‘మయూరి’ (1985)లో ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న సుధాచంద్రన్ తన కథలో తానే నటించడం అరుదైన మంచి పని. కాని కృత్రిమపాదంతో నాట్యం చెయ్యలేని ఆడపిల్లలు కూడా బడికి వెళ్ళాలి, ఉద్యోగం చెయ్యాలి, మామూలుగా బతకాలి. ‘ఊపిరి’ (2016)లో చక్రాల కుర్చీలోని నాయకుడు కోటీశ్వరుడు. జీతమిచ్చి మనిషిని పెట్టుకుంటాడు. కూలి కుటుంబంలో ఆ చాకిరీ తల్లిది, అక్కచెల్లెళ్ళది. దానికి జీతం లేదు, కథలో చోటూ లేదు. గోదావరి పల్లె నేపథ్యంలో వచ్చిన ‘రంగస్థలం’ (2018)లో వినికిడి తక్కువైన చిట్టిబాబు ఇంజనుతో పొలాలకు నీళ్ళు పెడతాడు, ప్రేమిస్తాడు, కొట్లాడతాడు. వినపడకపోవడాన్ని కథ కొంత అవసరానికి వాడుకున్నా, అతను పని ఉన్న మనిషి. ఆ మేరకు అది ముందడుగు. తెరమీద వికలాంగుల చిత్రణ గురించి 2024 జూలైలో సుప్రీంకోర్టే మార్గదర్శకాలు చెప్పింది. వాళ్ళను ఎగతాళి చేసే హాస్యం వేరు, వైకల్యాన్ని అర్థం చేయించే హాస్యం వేరు అని విడదీసింది. విమర్శకులు ముందుగా చెయ్యవలసిన పని అది.

డెల్టాలో పుట్టిన ఒక రచయిత జీవితం ఈ ప్రశ్నను మరింత తీక్షణం చేస్తుంది. అమలాపురంలో పుట్టి, ఐదో ఏట పోలియో సోకి, చక్రాల కుర్చీలో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు బోధించిన జి.ఎన్. సాయిబాబాను 2014 మేలో అరెస్టు చేశారు. 2017లో యావజ్జీవ శిక్ష వేశారు. నాగపూర్ జైల్లో ఏళ్ళు గడిచాక 2024 మార్చి 5న బొంబాయి హైకోర్టు నిర్దోషి అన్నది. అదే ఏడు అక్టోబరు 12న ఆయన హైదరాబాదులో మరణించారు. ఆయన మీద కవిత రాయబోయేవాడికి చక్రాల కుర్చీని వెంటనే రథం చెయ్యాలనిపిస్తుంది. ఆ తొందరలో అసలు విషయం జారిపోతుంది. తొంభై శాతం వైకల్యం ఉన్న ఖైదీ మరుగుదొడ్డికి ఎలా వెళ్ళాలి, ఎవరు పట్టుకోవాలి, మందు ఎప్పుడు అందాలి? ఆయన రాజకీయాలతో ఏకీభవించినా విభేదించినా జవాబు చెప్పుకోవలసిన ప్రశ్నలివి. ఇవి కవితకు తక్కువ వస్తువులని ఎవరన్నారు?

ప్రభుత్వాలు పేర్లు మార్చాయి. వికలాంగులను ‘విభిన్న ప్రతిభావంతులు’ అన్నారు, 2015 తరువాత ‘దివ్యాంగులు’ అన్నారు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో వాళ్ళు 22 లక్షలకు పైగా ఉన్నారు. 1995 చట్టం స్థానంలో వచ్చిన 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం కేటాయించింది, నిబంధనలు వచ్చిన ఐదేళ్ళలో ప్రజాభవనాలన్నీ అందరికీ అందుబాటులో ఉండాలన్నది. నిబంధనలు 2017లో వచ్చాయి. గడువు 2022లో దాటింది. ఆంధ్రప్రదేశ్‌లో పింఛను 2024లో ఆరువేలైంది. అది కావాలి కూడా. కాని దానికి సదరం శిబిరంలో శరీరాన్ని శాతాల్లో కొలిపించుకోవాలి. నలభై దగ్గర గీత. చాసో పాత్రలు వీధిలో వేసుకున్న లెక్క ఇప్పుడు డాక్టరు కాగితం మీదికి ఎక్కింది. ఆ శిబిరం ముందు పొద్దుటినుంచి నిలబడే జనంలో ఎన్ని కథలున్నాయో రచయితలు వెళ్ళి చూడాలి.

యువ రచయితలకు నా సూచనలు కొద్దివే. వికలాంగ పాత్రను రాసేటప్పుడు అతని పనేమిటో తేల్చుకోండి. అతన్ని మోసేవాళ్ళ శ్రమను లెక్కకట్టండి. అతనికి కోపం, కామం, స్వార్థం, హాస్యం ఇవ్వండి. సద్గుణాలతో ఊపిరాడకుండా చెయ్యకండి. ముగింపులో అద్భుతంగా నయం చెయ్యకండి, దయతో చంపెయ్యకండి. వీలైతే రాత పూర్తికాకముందే అలాంటి మనిషికి చదివి వినిపించండి.

సంఘాలుగా మన బాధ్యత ఇంకొకటి ఉంది. మన సభలు తరచు మేడమీది హాళ్ళలో జరుగుతాయి. మన పత్రికలు చూపులేని పాఠకుడు వినే రూపంలో రావు. వాళ్ళ గురించి మనం రాస్తున్నాం కాని వాళ్ళు మన మధ్యకు వచ్చి మనల్ని విమర్శించే దారి తెరవలేదు. వచ్చే సభకు హాలు కుదుర్చుకునే ముందు కార్యవర్గం ఆ గుమ్మం దగ్గర ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టాలి.