అంపశయ్య మీది మాట

అభ్యుదయ విమర్శ మనోవ్యథను రెండు విధాలుగా చదువుతూ వచ్చింది. అది వ్యక్తివాదమని, మధ్యతరగతి బలహీనత అని పక్కకు నెట్టడం ఒక విధం. అది వ్యవస్థ చేసిన గాయమని తేల్చి, కారణం దొరికింది గనుక పని పూర్తయిందనుకోవడం రెండవ విధం. రెండవది మొదటిదానికంటె మేలైనదే. కాని జబ్బుపడిన మనిషి తెల్లవారి లేచి ఆ రోజును ఎలా గడుపుతాడన్న ప్రశ్నకు అందులోనూ జవాబు లేదు. సాహిత్యం పట్టించుకోవలసిన ప్రశ్న అదే.

మన మనోవైజ్ఞానిక నవలలలో ముందు చెప్పుకోవలసినవి గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర', రావిశాస్త్రి 'అల్పజీవి'. వంశప్రతిష్ఠ అనే భ్రమ సీతారామారావును లోపలినుంచి తొలిచింది. తనకంటె బలవంతులందరి ముందూ ముడుచుకుపోవడం సుబ్బయ్య బతుకైపోయింది. ఆ మనసుల వెనక ఉన్న సంఘాన్ని ఇద్దరు రచయితలూ సమర్థంగా చూపారు. అయితే సీతారామారావు చివరికి తన్ను తాను నాశనం చేసుకుంటాడు. మనసు చెదిరినవాడి కథకు ముగింపు పతనమేనన్న నమ్మకం పాఠకుడిలో అలాగే మిగిలిపోతుంది.

నేటి జనగామ జిల్లా వావిలాలలో పుట్టిన నవీన్ 1969లో 'అంపశయ్య' ప్రచురించాడు. పేద తెలంగాణ పల్లెనుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వచ్చిన రవి అనే విద్యార్థి ఒకే ఒక్క రోజు అనుభవం ఆ నవల. డబ్బు లేమి, న్యూనతాభావం, కోరిక, సిగ్గు, భయం ఒకదానిమీద ఒకటి వచ్చి పడుతుంటే ఆ మనసు పొద్దుటినుంచి రాత్రిదాకా ఎలా నడిచిందో చైతన్య స్రవంతి పద్ధతిలో రాశాడు. రవికి ఫలానా జబ్బుందని నవల చెప్పదు. అలాంటి ముద్ర వేయడం ఈ వ్యాసం ఉద్దేశమూ కాదు. ఇక్కడ గమనించవలసింది శిల్పం. రవిని బయటనుంచి పరీక్షించే అవకాశం పాఠకుడికి లేదు. అతని కళ్ళతోనే చూడాలి, అతనితోనే పొద్దుపుచ్చాలి. వెలి అనే ఆచారం నిలబడాలంటే దూరం కావాలి. ఈ శిల్పం ఆ దూరాన్ని తీసేసింది.

నవల పేరులోనే మరొక పాఠం ఉంది. భారతంలో శాంతిపర్వ ఘట్టాన్ని గుర్తు చేసుకుందాం. ధర్మాలు చెప్పమంటే భీష్ముడు తనవల్ల కాదంటాడు. బాణాల బాధకు మనసు కలతపడింది, మాట పెగలడం లేదంటాడు. అప్పుడు కృష్ణుడు ఆ బాధ తొలగేలా వరమిస్తాడు. ఆ తరువాతే భీష్ముడు నోరు విప్పుతాడు. బాధే ప్రతిభకు తల్లి అని, మందు మింగితే కవిత్వం చస్తుందని నమ్మే కవిమిత్రులు ఈ ఘట్టాన్ని మళ్ళీ చదవాలి. భీష్ముడి జ్ఞానం బాణాలవల్ల వచ్చింది కాదు. బాధ ఉపశమించినందువల్ల అది బయటికి రాగలిగింది. అంపశయ్యమీద పడుకున్నవాడి మాటకు విలువేమిటని ధర్మరాజు అనలేదు, దగ్గరకు వెళ్ళి అడిగాడు. చికిత్స, గౌరవంతో వినే చెవి - ఈ రెండూ ఉంటే శయ్యమీదినుంచి కూడా సృజన సాధ్యమే.

మన భూపాలపల్లిలో గనిలో నడుము విరిగిన కార్మికుణ్ణి పరామర్శించడానికి కాలనీ అంతా కదిలివస్తుంది. మనసు చెదిరిన కార్మికుడి ఇంట్లో మాత్రం తలుపుకు లోపలినుంచి గడియ పడుతుంది. పల్లెల్లోనైతే గాలి సోకిందంటారు, చేతబడి అంటారు. ఆ నింద చివరకు దిక్కులేని ఏ ముసలిదానిమీదకో పోతుంది. ఒకరి జబ్బుకు వైద్యం అందదు, మరొకరి ప్రాణానికి రక్షణ ఉండదు.

1997-98లో ఉమ్మడి వరంగల్ జిల్లాలో పత్తిరైతుల ఆత్మహత్యలు మనల్ని కుదిపివేశాయి. మన కవులు, కథకులు అప్పును, నకిలీ విత్తనాన్ని, పురుగుమందు కంపెనీని బోనెక్కించారు. చేయవలసిన పనే. అయితే మన రచన చాలావరకు చావు తరువాత మొదలయింది. అంతకు ముందు నెలల తరబడి ఆ రైతుకు నిద్ర పట్టలేదు, మాట తగ్గింది, పదిమందిలోకి రాలేదు. ఆ రోజులను 'అంపశయ్య'లా గంట గంటకూ రాసిన రచనలు మనకు చాలవు. రాసి ఉంటే పక్కింటివాడు పోల్చుకునేవాడు, పలకరించేవాడు. అప్పు మాటను ఇది మరుగుపరచదు; ఆ అప్పు ఒక మనిషి మనసులో ఏం చేసిందో కూడా చెబుతుంది.

1912 నాటి చట్టం పేరులోనే 'పిచ్చి' ఉంది. 2018లో అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 'మానసిక అనారోగ్యం ఉన్న వ్యక్తి' అంటున్నది. చట్టం మాట మార్చుకుంది. మన కథల్లో, హాస్య నాటికల్లో, సాహిత్య సభల్లో 'వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి' అన్న వెక్కిరింత ఇంకా చప్పట్లు కొట్టించుకుంటున్నది. కులాన్ని తిట్టుగా వాడకూడదని నేర్చుకున్న కలం, జబ్బును తిట్టుగా వాడకూడదని నేర్చుకోలేదా? ఆ జబ్బుతో బతుకుతున్న రచయితలు మన సభల్లోనే, మన మధ్యనే కూర్చుని ఉంటారు. మన నవ్వు విన్నంతకాలం వాళ్ళు తమ కథ రాయరు. ఆ కథ రానంతకాలం మన వాస్తవికతకు అంతమేర వెలితి తప్పదు.