వేషం మార్చని నటి

హరికథలో రాజూ దాసుగారే, దాసీ దాసుగారే. పట్టుపంచె మార్చరు, కాలి గజ్జె విప్పరు. గొంతు, చూపు, మెడ వాలు మారితే చాలు, ఇప్పుడు మాట్లాడుతున్నది ఎవరో సభకు తెలిసిపోతుంది. ఒక్కరే అందరూ అయ్యే ఈ విద్యను అమెరికాలో ఇల్లు లేనివాళ్ల కథకూ, మతి చెదిరినవాళ్ల కథకూ వాడిన నాటకం ‘ద సెర్చ్ ఫర్ సైన్స్ ఆఫ్ ఇంటెలిజెంట్ లైఫ్ ఇన్ ద యూనివర్స్’. రాసింది జేన్ వాగ్నర్, ఆడింది లిలీ టామ్లిన్. 1985లో బ్రాడ్వేకి వచ్చింది. మరుసటి ఏడాది టామ్లిన్‌కు ఉత్తమ నటిగా టోనీ అవార్డు తెచ్చింది. రోడ్డున పడ్డవాళ్లకూ ఇంట్లో ఉన్నవాళ్లకూ మధ్య ఉన్నది సన్నని గీతేనని నమ్మించడానికి పదిమంది నటులకన్నా ఒక్కరే మేలని నా వాదన. ఆ నమ్మకం కథ వల్ల కాదు, ఆడే పద్ధతి వల్ల కుదురుతుంది.

న్యూయార్క్ వీధి మూలన గ్రహాంతరవాసులతో కబుర్లాడే ట్రూడీ ఒకప్పుడు పెద్ద కంపెనీలకు సలహాలిచ్చిన మనిషి. మతి తప్పాక కరెంటు షాకులు ఇచ్చారు. అప్పటినుంచి పరాయివాళ్ల బతుకులు తన తలలోకి సిగ్నళ్లుగా వస్తున్నాయని ఆమె నమ్మకం. ఒక్కసారి ఒళ్లు జలదరిస్తుంది. మరుక్షణం అదే ఒంట్లోంచి, డబ్బు ఎక్కువై దేనిమీదా మనసు నిలవని కేట్ మాట్లాడుతుంది. డాక్టరు చీటీలో భ్రాంతి అని రాసేదే ఇక్కడ ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి దారి. రంగస్థలం దాదాపు ఖాళీ, దుస్తులు మారవు, చేతిలో వస్తువు ఉండదు; నటి సైగకు సరిగ్గా అందేలా శబ్దం మాత్రం వినిపిస్తుంది. 1991లో సినిమాగా తీసినప్పుడు పాత్రలకు వేషాలు తొడిగారు. దాంతో ట్రూడీ మనం ఎన్నో సినిమాల్లో చూసిన బిచ్చగత్తె అయిపోయింది, కేట్ ఇంకెవరో అయిపోయింది. ఖాళీ వేదిక మీద అలా వేరుచేసి చూసే సౌకర్యం ప్రేక్షకుడికి దొరకదు.

ఆగ్నస్ దగ్గర ఈ పద్ధతి బలం ఇంకా బాగా తెలుస్తుంది. పదిహేనేళ్ల పిల్ల, ఇంటివాళ్లు తాళం మార్చేస్తే బయట పడింది. క్లబ్బులో కొవ్వొత్తి మంటపై అరచెయ్యి పట్టి, నొప్పి తెలియనట్టు నిలబడి ప్రపంచాన్ని తిట్టిపోస్తుంది. ఆమెకు చోటిచ్చిన తాత లడ్‌కూ ఆయన భార్య మేరీకీ ఒక్క నిమిషం పొసగదు. ముగ్గురూ ఉన్న సన్నివేశంలో ముసలాయన సణుగుడు, ముసలమ్మ ఎత్తిపొడుపు, పిల్ల కసురు అన్నీ ఒకే గొంతులోంచి వెంటవెంటనే వస్తాయి. పిల్లను తప్పుబట్టే నోరూ, తప్పు మోసే నోరూ ఒక్కటే కావడంతో ఎవరి పక్షం చేరాలో ప్రేక్షకుడికి తోచదు. ముగ్గురు నటులుంటే ఎవరినో ఒకరిని విలన్ చేసి ఊరుకునేవాళ్లం.

పిచ్చిని జ్ఞానంగా చూపడం మోసం కాదా అనే ఆక్షేపణ ఉంది. అందులో నిజముంది. 1955లో అమెరికా ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో దాదాపు 5 లక్షల 58 వేలమంది ఉండేవారు. 1980 నాటికి ఆ సంఖ్య లక్షన్నర లోపుకు దిగింది. అధ్యక్షుడు కెనెడీ 1963లో సంతకం చేసిన చట్టం మాటిచ్చిన స్థానిక చికిత్సా కేంద్రాలు అనుకున్నన్ని రాలేదు, చవక అద్దె గదులూ పోయాయి. ఇలా చికిత్సా చోటూ లేక వీధిన పడ్డవాళ్లలో ఒకరైన ట్రూడీకి చలీ ఆకలీ పెద్దగా లేకపోవడం నాటకంలో లోటే. ఆమె చమత్కారాలకు నవ్వి తేలిగ్గా బయటపడొచ్చు; ఆగ్నస్ నుంచి అలా బయటపడలేం, అందుకే నాకు ఆగ్నసే గొప్ప పాత్ర.

పేరున్న నటి వీధి మనిషి గొంతు అరువు తెచ్చుకోవడమేమిటన్నది ఇంకో ప్రశ్న. నటన అంటేనే అరువు అని కొట్టిపారేయడం సులువు గానీ, దానికి మెరుగైన జవాబు 1991లో లండన్‌లో మొదలైన కార్డ్‌బోర్డ్ సిటిజన్స్. ఇల్లు లేని బతుకు చవిచూసినవాళ్లే అక్కడ నటులు. బ్రెజిల్ నాటకకారుడు ఆగస్టో బోల్ రూపొందించిన ఫోరం థియేటర్ వారి పద్ధతి: ప్రేక్షకుడు మధ్యలో ఆపి, వేదికెక్కి, ఆ పాత్ర ఇంకోలా నడుచుకుంటే ఏమవుతుందో ఆడి చూస్తాడు. టికెట్ కొని కూర్చున్నవాడి గర్వం మీద టామ్లిన్ నాటకం పనిచేస్తుంది. రేపు పొద్దున ఆఫీసు కౌంటర్ దగ్గర గది కోసం వాదించాల్సిన కుర్రాడికి లండన్ వాళ్ల నాటకమే అక్కరకొస్తుంది.